కుట్టులో పడని ఎనిమిదో ఫారం

మా తోడికోడలు పోయి ఈ వానలకి ఏడాది అవుతుంది. తోడికోడలు అని రాస్తుంటే ఎవరో పరాయి మనిషి గురించి రాస్తున్నట్టుంది. నేను ఆమెను అక్కా అనే పిలిచాను. పుస్తకాలు కుట్టే షాపులో అందరూ దారమక్క అనేవాళ్ళు. ఎప్పుడు చూసినా కుట్టుదారం మెడలో వేలాడుతూ ఉండేది మరి. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు కూడా దాన్ని తీయడం మర్చిపోయేది.

"ఆ పలుపుతాడు బయట వదిలి రావే" అనేవారు మా అత్తగారు.

"ఇది లేకపోతే నన్ను ఇంటికి లాక్కొచ్చేదెవరు అత్తయ్యా?" అనేది అక్క.

బావగారు, అంటే అక్క భర్త, కుళాయిల మేస్త్రి. మనిషి చెడ్డవాడు కాదు. చెయ్యి చేసుకోవడం, నోరు పారేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. కాని మా ఇంట్లో ఏది కదలాలన్నా ఆయన ఊఁ అనాలి. అక్క షాపుకి వెళ్తానన్నప్పుడు ఆయన ఎన్నో రోజులు ఆ మాట వినపడనట్టే తిరిగారు. చివరికి ఊఁ అన్నారు, ఒక షరతు మీద.

"అక్కణ్ణించి నీ మీద ఒక్క ఫిర్యాదు వచ్చిందా, మర్నాటి నుంచి ఇంట్లోనే."

అంతటితో ఊరుకోలేదు. షాపు యజమాని దగ్గరికి వెళ్ళి, మా ఆవిడ ఏదన్నా తేడా చేస్తే ముందు నా చెవిన వెయ్యండి అని మాట తీసుకుని మరీ వచ్చారు. ఆ సంగతి తెలిసి అక్కకి ఒళ్ళు మండిపోయింది.

"నేనేమన్నా బడికెళ్ళే పిల్లనా, ఇంటికి కబురు పంపడానికి?" అంది నాతో, గిన్నె తోముతూ. గిన్నెకి ఆ రోజు ఉన్న మెరుపు మళ్ళీ రాలేదు. ఆయనతో మాత్రం నోరు మెదపలేదు. మెదిపితే ఆ వచ్చిన ఊఁ కూడా వెనక్కి పోతుందని భయం.

ఆమె వంతు వంట నేను తీసుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పొద్దున్నే ఆమె సంచి భుజాన వేసుకుని గడప దాటుతుంటే చెప్పుల చప్పుడు వీధి మలుపు దాకా వినిపించేది. ఇంట్లో తిరిగేటప్పుడు అక్క అడుగు చప్పుడే ఉండేది కాదు. వీధిలో మాత్రం టపటపా నడిచేది.

షాపంటే ఒక పొడవాటి గది. నడుమ పొడవాటి బల్ల, ఒక మూల జిగురు కాచే పొయ్యి, గోడవార ఒక కుళాయి, పైన అటక. అచ్చైన పెద్ద కాగితాలు కట్టలు కట్టలుగా వస్తాయి. ఒక్కో కాగితంలో పదహారు పేజీలు. దాన్నే ఫారం అంటారు. ఆడవాళ్ళు తలో ఫారం తీసుకుని చెక్కబద్దతో మడతలు పెడతారు. తర్వాత ఫారాలన్నీ బల్ల మీద వరసగా పేర్చి, బల్ల చుట్టూ నడుస్తూ ఒక్కోదాంట్లోంచి ఒక్కోటి తీస్తూ పుస్తకం కూరుస్తారు. ఆపైన కుట్టు, ఆఖరున అట్ట.

అక్కడ పెద్దదిక్కు మేస్త్రమ్మ. ఆవిడకి పేజీల అంకెల మీద బొత్తిగా నమ్మకం లేదు. ఒకసారి అచ్చులో అంకెలు తప్పు పడితే, వాటిని నమ్మి కూర్చి బోర్లాపడిందట. అప్పటినుంచి ఆవిడ పద్ధతి వేరు. కుట్టే ముందు ఈ ఫారం చివరి ముక్క, తర్వాతి ఫారం మొదటి ముక్క కలిపి పైకి చదవాలి. "కలిసిందా?" అని ఆవిడ అడుగుతుంది. "కలిసింది" అంటే కుట్టు పడుతుంది. మొదటి పుస్తకానికి అలా చూసుకుంటే మిగతావన్నీ అదే వరసలో పోతాయి.

ఇంకో సంగతి. ఎవరి ఫారం వాళ్ళు మడుస్తారు కాబట్టి ఎవరికీ కథ మొత్తం తెలియదు. ఒకామెకి పెళ్ళి దాకా తెలుస్తుంది, ఇంకొకామెకి కాపురం, మరొకామెకి చావు. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు ఎవరి ముక్క వాళ్ళు చెప్పి కథను అతుక్కునేవాళ్ళు. సాయంత్రం ఆ అతుకుల కథ మా వంటింటికి వచ్చేది. నేను కూర తరుగుతుంటే అక్క చెప్పేది. పక్కగదిలో అత్తగారు నిద్రపోతున్నట్టు పడుకుని ప్రతి మాటా వినేవారు. మేం ఎక్కడన్నా ఆగితే మంచం కిర్రుమనేది.

అలా ఒకసారి పాత కథల పుస్తకం ఒకటి షాపుకి వచ్చింది. మన అమ్మమ్మల కాలంలో, ఆడవాళ్ళు కలం పట్టడమే వింతగా ఉన్న రోజుల్లో, కొందరు ఆడవాళ్ళు రాసిన కథలట. వాటిని ఏరి మళ్ళీ అచ్చు వేస్తున్నారు. అందులో ఒక కథ అక్కను పట్టుకుంది. ఆ కథలో ఆమెకి పేరు లేదు, ఆమె అనే ఉంది. చదువంటే ప్రాణం. ఇంట్లో పుస్తకం పట్టనివ్వరు. కొట్టునుంచి సరుకులు కట్టి వచ్చిన పొట్లం కాగితాలు విప్పి, మడతలు సాపు చేసి, పొయ్యి వెలుగులో చదువుకునేది. భర్త చూశాడు. కాగితాలన్నీ ఆమె చేతే పొయ్యిలో వేయించాడు. గదిలో ఉండమన్నాడు. తలుపుకి బయట గడియ లేదు, లోపలే ఉంది. నువ్వే వేసుకో అన్నాడు.

"చూడవే, గడియ కూడా ఆమె చేతే వేయించాడు" అంది అక్క. నేను తరిగేది ఆపేశాను.

"తర్వాత?"

"తర్వాత ఏముంది, నా ఫారం అయిపోయింది. ఏడోది నాది. 'ఆమె లేచి తలుపు గడియ తీసి' అన్న చోట ఆగిపోయింది."

"ఎనిమిదోది ఎవరిది?"

"కళ్ళజోడవ్వది. ఆవిడ మడత చూస్తుంది కాని అక్షరం ముఖం చూడదు. ఏం రాశారవ్వా అంటే, నల్లగా రాశారే అంటుంది."

పక్కగదిలో మంచం కిర్రుమంది.

ఆ మర్నాడు పుస్తకం కూర్చారు. అక్కే చదివింది, మేస్త్రమ్మ వింది. ఏడో ఫారం చివర 'ఆమె లేచి తలుపు గడియ తీసి'. తర్వాతి ఫారం మొదట 'బయటికి వచ్చి, ఎండకి కళ్ళు చిట్లించి, వీధి వెంట నడిచింది'.

"కలిసిందా?"

"కలిసింది! వెళ్ళిపోయింది మేస్త్రమ్మా, బయటికి వెళ్ళిపోయింది!"

షాపులో ఉన్న వాళ్ళంతా ఒక్కసారి చప్పట్లు కొట్టారట. ఆ తర్వాత ఆమె వీధి చివర ఒక ఇంటి వసారాలో ఆడపిల్లలకి చదువు చెబుతుందట. అక్క ఆ సాయంత్రం చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వచ్చి ఈ సంగతి చెప్పింది. మా ఇద్దరికీ ఎవరో దగ్గరివాళ్ళకి మంచి జరిగినంత సంబరం.

"బానే ఉంది. వెళ్ళి ఏం తింటుందట?" అన్నారు అత్తగారు పక్కగదిలోంచి.

"మన ఇంటికే రమ్మందాం అత్తయ్యా. మీ పక్కన మంచం వేద్దాం."

"వేయండి. నాకూ కాస్త చదివి పెడుతుంది."

ఇంతలో షాపులో కుట్టుపని పూర్తయింది. పుస్తకాలన్నీ గుట్టలుగా పేర్చి ఉన్నాయి, ఇక అట్టలు అతకడమే తరువాయి. జిగురుపిండి కోసం అక్క అటక ఎక్కింది. అక్కడ, తను ఆరబెట్టిన చోటే, ఎనిమిదో ఫారం కట్టంతా ఉంది.

జరిగింది ఇది. గోడ కుళాయి కారి, నేల మీద పెట్టిన ఆ కట్ట అడుగున తడిసింది. చూసింది అక్కే. పాడైపోతుందన్న కంగారులో చదివి చూడకుండానే అటక మీద విడివిడిగా పరిచింది. కూర్చే రోజుకి దించాలని అనుకుంది. కూర్చే రోజున బల్ల మీద ఏడో ఫారం పక్కన తొమ్మిదోది చేరింది. ఏడు చివర గడియ తీసిన ఆమె వేరు, తొమ్మిది మొదట వీధి వెంట నడిచిన ఆమె వేరు. అది ఎనిమిదో ఫారం చివర మొదలైన ఇంకో కథ, ఆవిడకీ పేరు లేదు. రెండూ అతికినట్టు కలిశాయి. కలిసింది కాబట్టి ఎవరూ అంకె చూడలేదు.

అక్క అటక మీదే కూర్చుని ఎనిమిదో ఫారం చదివింది. మొదటి ముక్క 'చూసి, మళ్ళీ వేసేసింది'.

ఆమె వీధిలోకి చూసింది, గడియ మళ్ళీ వేసేసుకుంది. అంతే. తర్వాత జ్వరం. మంచినీళ్ళు అడిగితే, ఇంట్లో ఎవరికి వాళ్ళు ఇంకొకరు ఇచ్చారనుకున్నారు. పోయింది. కొద్దికాలానికే ఆయన ఇంకో పెళ్ళి చేసుకున్నాడు.

అక్క కిందికి దిగి చెప్పేసరికి అందరి గుండెలూ జారిపోయాయి. అందరికంటే అక్కకి ఎక్కువ. తప్పు ఆమెది. ఒక్క ఫిర్యాదు చాలు. ఇంటి షరతు సంగతి షాపులో తెలియనివాళ్ళు లేరు.

మేస్త్రమ్మ కాసేపు గుట్టల వంక, కాసేపు పొయ్యి వంక చూసింది.

"పొయ్యిలో పెట్టెయ్యవే. జిగురు ఉడుకుతుంది, నీ పనీ ఉంటుంది. పుస్తకం చక్కగా కలిసింది. ఏ మహానుభావుడు అంకెలు లెక్కపెడతాడు?"

"అవునక్కా, పెట్టెయ్యి" అంది ఇంకొకామె. "ఎలాగూ ఇందులో ఆమె చచ్చిపోతుంది. అందులో అయితే హాయిగా వెళ్ళిపోయింది. ఆమెనెందుకు మళ్ళీ లాక్కొచ్చి చంపడం?"

ఆ మాటకి అక్క చేతులు కూడా ఒక్క క్షణం పొయ్యి వైపు వెళ్ళాయట. ఇది ఆమే నాతో చెప్పింది. తర్వాత కట్టను బల్ల మీద పెట్టేసింది.

"పొట్లం కాగితాలు ఆమె చేతే పొయ్యిలో వేయించాడు కదమ్మా వాడు. ఇప్పుడు వాడి పని నేను చెయ్యనా?" అంది. "రాసినావిడ ఏదో చూసే ఇలా రాసి ఉంటుంది. ఎవరి ఇంట్లో చూసిందో, తన ఇంట్లోనే చూసిందో. మనం తీసేస్తే ఆమె పడ్డ బాధంతా పడనట్టే అయిపోతుంది. ఇంకా చివర చదవండి. ఆ కొత్తగా వచ్చిన పిల్ల గది ఊడుస్తుంటే చాప కింద ఒక పొట్లం కాగితం దొరుకుతుంది. సాపు చేసి చదవడం మొదలుపెడుతుంది. అది కూడా ఈ ఫారంలోనే ఉంది."

అక్క దారం మెడలోనే ఉంచుకుని తిన్నగా యజమాని గదిలోకి వెళ్ళి చెప్పేసింది. ఆయన కుర్చీలోంచి లేచాడట, మళ్ళీ కూర్చున్నాడట. అన్నీ విప్పి, ఫారం చేర్చి, మళ్ళీ కుట్టి, చెప్పిన రోజుకి ఇవ్వాల్సిందే అన్నాడు. "మీ ఆయనకి మాటిచ్చాను. నేనొచ్చి చెప్పక తప్పదు" అని కూడా అన్నాడు.

ఆ సాయంత్రం అక్క నాకు చెప్పింది, బావగారికి చెప్పలేదు. పని పూర్తయ్యాకే యజమాని వస్తాడులే, అప్పటిదాకా అన్నా వెళ్తాను అంది. చాలినన్ని చేతులు లేవని మాత్రం దిగులుపడింది. పొద్దున్నే అత్తగారు వంటింట్లోకి వచ్చి గరిటె నా చేతిలోంచి లాక్కున్నారు.

"గుడ్లప్పగించి చూస్తావేం? నువ్వూ వెళ్ళు దానితో. సూది పట్టడం రాదా నీకు? ఈ ఇంట్లో వంట నువ్వు పుట్టకముందు నుంచీ చేస్తున్నాను."

అలా నేను ఆ షాపులో అడుగుపెట్టాను. ఒకామె కుట్టు తెంపుతుంటే ఒకామె ఫారం దూర్చింది. నేనూ అక్కా పక్కపక్కన కూర్చుని మళ్ళీ కుట్టాం. మేస్త్రమ్మ ఎనిమిదో ఫారం మొదటినుంచి చివరిదాకా పైకి చదివింది. మంచినీళ్ళ దగ్గరికి వచ్చేసరికి సూదులు ఆగిపోయాయి. కళ్ళజోడవ్వ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇంత కథనా నా చేత్తో మడిచింది?" అంది. చాప కింద కాగితం దగ్గర ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. సూదులు మళ్ళీ కదిలాయి. తర్వాత ఏదో వేళాకోళం మొదలై సాయంత్రం దాకా నవ్వులే. నా వేలికి సూది ఎన్నిసార్లు గుచ్చుకుందో. ఆ రోజు నేను ఎంత సంతోషంగా ఉన్నానో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

చెప్పిన రోజుకే పుస్తకాలు వెళ్ళాయి. మర్నాడు పొద్దున్న షాపు యజమాని మా గుమ్మంలో ఉన్నాడు. బావగారు గడ్డం గీసుకుంటున్నారు, సగం ముఖాన నురగ.

"రండి, కూర్చోండి."

"కూర్చోను. మీకిచ్చిన మాట ఒకటుంది కదా. ఫిర్యాదు చెప్పిపోదామని వచ్చాను. ఒకటి కాదు, రెండు. మీ ఆవిడ మీద ఒకటి, మీ మీద ఒకటి. ముందు ఏది చెప్పమంటారు?"

బావగారి కత్తి గాలిలో ఆగింది. "నా మీదేమిటండీ?"

"మా షాపులో కుళాయి బిగించింది మీరు కాదూ? అది కారి ఫారాలు తడిశాయి. మీ ఆవిడ ఆరబెట్టి మర్చిపోయింది. పుస్తకాలన్నీ ఆ ఫారం లేకుండానే కుట్టేశారు. తనే వచ్చి ఒప్పుకుంది, తనే దగ్గరుండి మళ్ళీ కుట్టించింది. ఆ పని ఎలాగో గట్టెక్కింది. మీ కుళాయి మాత్రం ఇంకా కారుతూనే ఉంది."

ఆయన వెళ్ళిపోయాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, సంచి భుజాన. అది బావగారు బిగించిన కుళాయే అన్న మాట తను నాతో కూడా అనలేదు. షాపులో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తలేదు.

"నేనేమన్నానో గుర్తుందా?" అన్నారు బావగారు.

"గుర్తుంది. ఒక్క ఫిర్యాదు వస్తే మానెయ్యాలన్నారు."

"మరి?"

"మానేద్దాం."

"మానేద్దాం ఏమిటి?"

"ఇద్దరి మీదా వచ్చాయి కదా, ఇద్దరం మానేద్దాం. నా మీదైతే ఇది మొదటి ఫిర్యాదు. మొన్న వెనకింటావిడ వచ్చింది, గొట్టం కారుతోందని. అంతకుముందు మేడమీదాయన తడిసిన చొక్కాతోనే వచ్చాడు. అప్పుడు మిమ్మల్ని ఇంట్లో కూర్చోమన్నానా? పనిసంచి చేతికిచ్చి పంపించాను."

"అది వేరు."

"ఎలా వేరో చెప్పండి. వింటాను."

అక్క గొంతు పెంచలేదు. ఎకసెక్కెం కూడా కాదు. నిజంగానే వినడానికి నిలబడింది. నేను వెనక పొయ్యి దగ్గరే ఉన్నాను. బావగారు చెప్పడానికి నోరు తెరిచారు. నా వంక చూశారు, వాళ్ళమ్మ వంక చూశారు.

"ఒరే, ముందు ముఖం కడుక్కోరా. నురగ ఎండి పెచ్చులు కడుతోంది" అన్నారు అత్తగారు. ఆ మాటకి నాకు నవ్వాగలేదు. వెనక్కి తిరిగి గిన్నెలో ఏదో వెతుకుతున్నట్టు నటించాను.

ఆయన ముఖం కడుక్కుని వచ్చారు. పనిసంచి తీసుకున్నారు. చెప్పులు వేసుకుంటూ, ఎవరి వంకా చూడకుండా అన్నారు, "నడు మరి. ఆ కుళాయి సంగతేదో చూడాలిగా."

ఇద్దరూ వెళ్ళారు. ఆయన ముందు, ఆమె వెనక, అదేమీ మారలేదు. అక్క చెప్పుల టపటప మాత్రం వీధి మలుపు దాకా వినిపించింది.

ఆ రోజుతో బావగారు మారిపోయారని రాస్తే అబద్ధం. కూర చల్లారితే మూతి ముడిచేవారు, అక్క రావడం ఆలస్యమైతే గుమ్మంలో పచార్లు చేసేవారు. షరతు మాట మాత్రం మళ్ళీ ఆయన నోట రాలేదు. అక్క ఆ బల్ల దగ్గర జుట్టు నెరిసేదాకా పనిచేసింది. మేస్త్రమ్మ మానేశాక తనే అందరికీ మేస్త్రమ్మ అయింది. కలిసిందా అని అడగడం మానలేదు, కాని ఆ తర్వాత అంకె కూడా చూడమనేది. పనిలో చేరిన ప్రతి మనిషికీ ఎందుకు చూడాలో ఈ కథంతా చెప్పి, తన తప్పు తానే ఒలకబోసుకుని, అందరికంటే ముందు తనే నవ్వేది.

ఆ పుస్తకం ఒకటి మా ఇంట్లో ఉంది. షాపాయనను అడిగి తెచ్చుకుంది. అందులో ఎనిమిదో ఫారం కుట్టులో లేదు, మడిచి లోపల విడిగా పెట్టి ఉంది. ఇదేమిటక్కా, దీన్నొక్కదాన్ని వదిలేశావు అంటే, "ఊరంతటికీ ఉన్నది ఉన్నట్టు ఇచ్చాం కదే. ఒక్కదాన్నన్నా మనింట్లో నడవనిద్దాం" అంది. అత్తగారు మంచాన పడ్డాక, మధ్యాహ్నాలు అక్కకి సెలవైనప్పుడు ఆ కథ చదివించుకునేవారు. ఫారం పెట్టి చదవాలో తీసి చదవాలో ఆ రోజు ఆవిడ ఒంట్లో ఎలా ఉంటే అలా చెప్పేవారు.

ఇక షరతు సంగతి మా ఇంట్లో వేళాకోళంగా మిగిలిపోయింది. కుళాయి కారుతోందని ఎవరు గుమ్మంలోకి వచ్చినా, అక్క లోపల్నుంచి కేకేసేది, "మొదటిదేనా అండీ?" అని. బావగారు పళ్ళు కొరికేవారు. పెదవి చివర మాత్రం నవ్వు ఆగేది కాదు. వచ్చినవాళ్ళకి ఏమీ అర్థమయ్యేది కాదు.

అక్క పోయినప్పుడు షాపువాళ్ళంతా వచ్చారు. ఎవరి ముక్క వాళ్ళు చెప్పారు. ఒకామెకి తెలిసిన అక్క ఇంకొకామెకి తెలియదు. సాయంత్రం దాకా కూర్చుని అతుక్కున్నాం.

బావగారు ఈమధ్య పని బాగా తగ్గించేశారు. చేతులు ఇదివరకటిలా బిగించవు. ఇవాళ పొద్దున్న వెనకింటావిడ వచ్చింది, మొన్న చూసిన కుళాయి మళ్ళీ కారుతోందని. వస్తున్నానమ్మా అని పనిసంచి తీసుకున్నారు. చెప్పులు వేసుకున్నారు. గడప దగ్గర ఆగిపోయారు. ఏదో మర్చిపోయినట్టు లోపలికి చూస్తూ అలాగే నిలబడ్డారు.

నేను ఆయనతో ఎదురుగా ఎక్కువ మాట్లాడిన దాన్ని కాదు. పొయ్యి ముందు నుంచే, ఆయనకి వినపడేంత గట్టిగా అడిగాను.

"మొదటిదేనా బావగారూ?"

ఆయన నవ్విన చప్పుడు, తర్వాత గడప దిగిన చప్పుడు వినిపించాయి. నేను కూరలో గరిటె తిప్పాను.